వండిన అన్నం మళ్ళీ బియ్యమవుతుందా?

"వెండితెర నవలా? అదీ ఒక సాహిత్యమేనా?" అంటూ ముక్కు చిట్లించేవాళ్ళతో నాకు చాలాకాలంగా పేచీ వుంది. ఆ పేచీ ఇవాళ నలుగురిలో పెట్టి తేల్చుకోదలిచాను. నలుగురంటే ఎవరో కాదు, మీరే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఫ్యాను కింద చాపేసుకుని ఈ పేజీ తిప్పుతున్న మీరే నాకు న్యాయమూర్తులు. తీర్పు నాకు వ్యతిరేకంగా చెప్పినా బాధపడను. వాదన మాత్రం ఆసాంతం వినాలి.

నవల సినిమా కావటం మనకి కొత్త కాదు. యద్దనపూడి సులోచనారాణిగారి "మీనా", "జీవన తరంగాలు" 1973లోనూ, "సెక్రటరీ" 1976లోనూ తెరకెక్కాయి. "నవల్లో వున్న అందం సినిమాలో ఏదండీ?" అని మా అమ్మ తరం ఆడవాళ్ళు ఇప్పటికీ నిట్టూరుస్తారు. అక్కడ కొట్లాటంతా సినిమాతోనే. నవల మర్యాదకేమీ లోటు రాదు. అదే తిరగబడి సినిమా నవల అయిందనుకోండి, అప్పుడు బోనులో నిలబడేది నవలే!

మా స్నేహితురాలొకావిడ వుంది. కాలేజీలో సాహిత్యం చెబుతుంది. ఈ విషయంలో ఆవిడది ఒకటే మాట. "నవలని సినిమా తియ్యటమంటే బియ్యం కడిగి అన్నం వండటం. సినిమాని నవల రాయటమంటే వండిన అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యాలని చూడటం. అయ్యే పనేనా అది? అందులోనూ సైన్సు ఫిక్షను సినిమాలు! రాకెట్లు, గ్రహాంతరవాసులు, కళ్ళు మిరుమిట్లు గొలిపే ట్రిక్కు ఫొటోగ్రఫీ... అవి చూడాలి గాని, చదువుతారుటే ఎవరైనా?"

మావారు కూడా ఆవిడ పక్షమే. "సినిమా చూశావు, కథ తెలుసు, మళ్ళీ పుస్తకమెందుకు?" అంటారు. ఆబిడ్స్‌లో ఆదివారంపూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి నేనిలాంటివి ఏరుకొస్తూ వుంటే, ఆటో డబ్బులు కూడా దండగే అంటారు.

నా వాదన ఒక్క ముక్కలో చెబుతాను. మిగతా సినిమాలు నవలలైనా సరే, కాకపోయినా సరే. సైన్సు ఫిక్షను సినిమా మాత్రం నవల కావాలి. కుటుంబకథా చిత్రంలో కోడలు ఏడిస్తే ఎందుకేడ్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కాని ఏ నక్షత్రం నించో దిగివచ్చిన జీవి మన పెరట్లో నిలబడి కళ్ళు ఆర్పుతూ చూస్తూ వుంటే, దాని లోపల ఏం జరుగుతోందో తెర ఎంతవరకు చెప్పగలదు? వింత ఎంత పెద్దదైతే, పుస్తకానికి పని అంత ఎక్కువ.

ముందు ఒక అపోహ తొలగించాలి. ఇదేదో ఈ మధ్య పుట్టిన వ్యాపారం అనుకుంటారు. కాదు. "కింగ్ కాంగ్" సినిమా 1933లో విడుదలైతే, డెలోస్ లవ్‌లేస్ రాసిన నవల 1932 చివర్లోనే వచ్చేసింది. వీడియోలు, టీవీలు లేని రోజుల్లో సినిమా హాల్లోంచి వెళ్ళిపోయిందంటే మళ్ళీ చూసే యోగం ఎప్పటికో. ఇంట్లో కూర్చుని ఆ కథని మళ్ళీ అనుభవించాలంటే పుస్తకమొక్కటే దారి. మన దగ్గర హాలు బయట అమ్మిన పాటల పుస్తకం కూడా ఆ చెట్టు కొమ్మే. సగం కథ చెప్పి, "తరువాయి వెండితెరపై" అని వూరించేది. పత్రికల్లో వచ్చిన వెండితెర నవలలు ఆ వూరింపు తీర్చేవి. జనానికి అవసరమై పుట్టిన వస్తువిది. అవసరమై పుట్టినది నీచమెలా అవుతుందో నాకు బోధపడదు.

ఇక సాక్ష్యాలు ప్రవేశపెడతాను.

మొదటి సాక్షి "ఇ.టి." 1982 నాటి స్పీల్‌బర్గ్ సినిమా. మెలిసా మాథిసన్ అనే ఆవిడ స్క్రీన్‌ప్లే. మీ పిల్లలతో కూర్చుని టీవీలో చూసే వుంటారు. తల్లి మేరీ ముగ్గురు పిల్లలతో సతమతమవుతూ వుంటుంది. మొగుడు మరో ఆడదానితో మెక్సికో వెళ్ళాడు. సినిమాలో స్పీల్‌బర్గ్ కెమెరాని పిల్లల ఎత్తులో పెట్టాడు. చాలాసేపటిదాకా ఈ తల్లి ముఖం తప్ప పెద్దవాళ్ళెవరి ముఖాలూ సరిగా చూపించడు. పిల్లల సినిమాకి అది సరైన పద్ధతే. కాని ఆ తల్లి సంగతేమిటి? వస్తుంది, సామాన్లు సర్దుతుంది, పిల్లల మీద కేకలేస్తుంది, వంటింట్లో తన పక్కనించే గ్రహాంతరవాసి నడిచి వెళ్ళినా గమనించనంత హడావుడిలో వుంటుంది. హాల్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వాక అనిపించింది, మన వెనక ఏనుగు నడిచినా మనకి మాత్రం తెలుస్తుందా, పొయ్యి మీద పాలుంటే?

ఈ సినిమాని నవలగా రాసినాయన విలియం కోట్జ్‌వింకిల్. అంతకుముందే సొంత నవలలతో పేరున్న రచయిత. ఆయన చేసిన పనేమిటో చూడండి. ఆ వచ్చిన జీవికి కోటి సంవత్సరాల వయసు. వృత్తి వృక్షశాస్త్రం. మొక్కలతో మాట్లాడతాడు. పుస్తకంలో మనం లోకాన్ని ఆయన కళ్ళతో చూస్తాం. ఆ కోటి సంవత్సరాల వృద్ధుడు ఈ యింట్లో ఎవరిమీద మనసు పారేసుకున్నాడనుకున్నారు? పిల్లవాడి స్నేహం సరే, ఆరాధన మాత్రం తల్లి మేరీ మీద! విల్లో చెట్టులా సన్నగా, వంగుతూ వుంటుందని ఆవిణ్ణి మనసులో ఆ చెట్టు పేరుతోనే పిలుచుకుంటాడు. అలమారులో దాక్కుని ఆవిడ కోసం నిట్టూరుస్తాడు. ఆవిడకి మాత్రం ఆ సంగతే తెలియదు. ఆవిడ లోపల ఇంకో కథ నడుస్తూ వుంటుంది. మొగుడు వదిలేశాడు, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, తన బతుకిక ఇంతేనా అన్న దిగులు. ఆ దిగులుని కూడా రచయిత నవ్విస్తూనే రాశాడు. తనని ఒకరు ప్రేమగా చూస్తున్నారన్న సంగతి తెలియకుండా, నన్నెవరూ చూడటంలేదని బాధపడే ఇల్లాలు! ఇంతకంటే మనకి తెలిసిన కథ ఏముంది చెప్పండి?

సినిమా గొప్పదే. కాదన్నవాళ్ళతో నేనూ పోట్లాడతాను. కాని ఈ ప్రేమకథ సినిమాలో లేదు. రబ్బరు బొమ్మ ముఖంలో అది చూపించటానికి వీలూ లేదు. అది పుస్తకానికే సాధ్యం. మా స్నేహితురాలు దీన్ని మళ్ళీ బియ్యమైన అన్నం అంటుంది. నేనంటాను, ఇది అన్నం వడియం. మిగిలిన అన్నమే, నిజం. అయితే జీలకర్ర, పచ్చిమిరపకాయ వేసి ఎండబెట్టి వేయించాక దాని రుచి దానిదే. అన్నం తింటున్నామని అనుకుంటూ ఎవరూ వడియం నమలరు.

రెండో సాక్షి "ఫెంటాస్టిక్ వాయేజ్", 1966. ఒక శాస్త్రజ్ఞుడి మెదడులో రక్తం గడ్డకట్టింది. వైద్యుల్ని, ఒక జలాంతర్గామిని సూక్ష్మజీవులంత చిన్నవిగా చేసి ఆయన రక్తంలోకి ఎక్కిస్తారు. గడువు గంట. గంట దాటితే మళ్ళీ మామూలు సైజుకి పెరిగిపోతారు. సినిమా చివర మనుషులైతే కన్నీటిబొట్టులోంచి బయటపడతారు. జలాంతర్గామిని మాత్రం తెల్లరక్తకణం మింగేస్తుంది, అది లోపలే వుండిపోతుంది. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయారు. ఇల్లు సర్దే ఆడవాళ్ళు ఇలాంటి చోట వూరుకోరు. "అదేమిటి, సామాను లోపలే వదిలేశారే! గంట దాటాక అదీ పెరగదా? పెరిగితే ఆ మనిషి గతేమిటి?"

దీన్ని నవలగా రాసినాయన ఐజాక్ అసిమోవ్. జీవరసాయన శాస్త్రం చదివి బోధించినవాడు. ఆయనకి ఆ చిల్లు వెంటనే కనిపించింది. సినిమా చూసిన ఆయన కూతురు, పదకొండేళ్ళ పిల్ల, కూడా అదే ప్రశ్న వేసిందట. అంచేత నవల్లో ఆయన ముగింపు మార్చాడు. ఆ తెల్లకణం మనుషుల వెంటపడి కంటిదాకా వచ్చేటట్టు రాసి, మింగిన జలాంతర్గామితో సహా దాన్ని బయటికి లాగించాడు. సినిమాకంటే ముందే పుస్తకం బజారులోకి రావటంతో, నవల చూసి సినిమా తీశారనుకున్నవాళ్ళు చాలామంది! అయినా ఆయనకి తృప్తి కలగలేదు. వేరేవాళ్ళ కథలో తన సైన్సు ఇమడలేదని, 1987లో అదే వూహ మీద తన పద్ధతిలో మరో నవల రాసుకున్నాడు.

తెర మీద చిల్లులు పట్టుకునే తీరిక వుండదు. బొమ్మ పరుగెడుతూ వుంటుంది, సంగీతం వాయిస్తూ వుంటుంది. పుస్తకం దగ్గర ఆ ఆట సాగదు. పేజీ మధ్యలో వేలు పెట్టుకుని, చుక్కు కట్టిన కళ్ళతో కిటికీలోకి చూస్తూ "అయితే మరి..." అని ఆలోచిస్తాం. ఆ "అయితే మరి"కి జవాబు చెప్పి తీరాలి. సైన్సు ఫిక్షను అన్న పేరులో సైన్సు అన్న ముక్క నిలబడేది అక్కడే.

మూడో సాక్షి జర్మనీ నించి వచ్చింది. "మెట్రోపోలిస్". సినిమా 1927 జనవరిలో విడుదలైంది. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకుడు. స్క్రీన్‌ప్లే, నవల రెండూ రాసింది ఆయన భార్య థియా ఫాన్ హార్బో. ఆవిడ తరవాత నాజీల వైపు వెళ్ళింది. దాన్ని నేను సమర్థించను. కాని నవల సంగతి చెప్పక తప్పదు. ఆ కథలో రాట్‌వాంగ్ అనే శాస్త్రజ్ఞుడు ఆడరూపంలో మరమనిషిని తయారుచేస్తాడు. ఎందుకు చేశాడు? హెల్ అనే ఆవిణ్ణి ప్రేమించాడు. ఆవిడ నగరాధిపతిని చేసుకుంది, కొడుకుని కని చనిపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టింది మరమనిషి. అమెరికాలో ఈ సినిమాని కత్తిరించినవాళ్ళు హెల్‌ని మొత్తంగా తీసిపారేశారు. కారణం వింటే నవ్వొస్తుంది. ఆవిడ పేరు ఇంగ్లీషులో నరకమన్న మాటలా వుందిట! ఆవిడ పోవటంతో మరమనిషి ఎందుకు పుట్టిందో తెలియకుండా పోయింది. పోయిన భాగాల్లో చాలామటుకు 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దొరికిన ప్రింటుతో గాని బయటపడలేదు. ఈ ఎనభై ఏళ్ళూ ఆ తల్లిని ఎవరు దాచారు? నవల దాచింది. ఫిల్ము తుంపేస్తే పోతుంది, పుస్తకంలో మాట అంత తేలిగ్గా పోదు.

ఇదే పని వోండా మెకింటైర్ అనే అమెరికన్ రచయిత్రి ఇంకో విధంగా చేసింది. ఆవిడ జన్యుశాస్త్రం చదివిన మనిషి. "డ్రీమ్‌స్నేక్" అనే సొంత నవలకి అమెరికా సైన్సు ఫిక్షను లోకంలో పెద్ద బహుమతులు రెండూ, హ్యూగో, నెబ్యులా అందుకుంది. అలాంటి ఆవిడ 1982లో "స్టార్ ట్రెక్" రెండో సినిమాని నవలగా రాసింది. సినిమాలో ఒక పరిశోధనశాలలోకి మన వీరులు వెళ్ళేసరికి అక్కడి శాస్త్రజ్ఞులు శవాలై వుంటారు. తెర మీద వాళ్ళు శవాలే. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు, అడగం కూడా. మెకింటైర్ అడిగింది. నవల్లో ఆ శవాలకి చావక ముందు పేర్లున్నాయి, వేళాకోళాలున్నాయి, స్నేహాలున్నాయి. అంచేత వాళ్ళు పోయినప్పుడు మనకి ప్రాణం వుసూరుమంటుంది. మనిషి చచ్చిపోతే ఇంటిపేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు అడగటం మన అలవాటు కదూ? ఆవిడ చేసింది అదే.

ఇంకొక ముచ్చట. "స్టార్ ట్రెక్"లో సూలు అనే జపాను సంతతి పాత్ర వుంది. ఏళ్ళ తరబడి అతనికి ఇంటిపేరే గాని, పెట్టిన పేరు లేదు! 1981లో అదే పాత్రలతో రాసిన ఒక నవల్లో మెకింటైర్ అతనికి హికారు అని పేరు పెట్టింది. వెయ్యేళ్ళ కిందట మురసాకి అనే జపాను రచయిత్రి రాసిన "గెంజి కథ"లో నాయకుడి పేరది. పదేళ్ళకి, 1991 సినిమాలో, ఆ పేరు తెర మీద వినిపించింది. ఒక ఆడమనిషి దాచిన పేరు ఇంకో ఆడమనిషి తీసి వాడితే, కోట్ల రూపాయల సినిమా దాన్ని అరువు తెచ్చుకుంది. ఎవరు ఎవరికి బాకీ అంటారు?

ఇంక మా స్నేహితురాలు చిట్టచివరి అస్త్రం తీస్తుంది. "పుస్తకం అన్నీ విప్పి చెప్పేస్తుంది. రహస్యం చచ్చిపోతుంది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చూడు!" ఇది బలమైన వాదనే, తోసిపుచ్చను. 1968లో వచ్చిన ఆ సినిమాలో మొదటి పాతిక నిమిషాలపాటు ఒక్క మాట వుండదు. చివర కథానాయకుడు ఎక్కడో అనంతదూరంలో ఒక హోటలు గదిలాంటి గదిలో తేలతాడు. అదేమిటో, ఎందుకో కూబ్రిక్ చెప్పడు. చూసినవాళ్ళు అర్ధరాత్రిదాకా వాదించుకుంటారు. ఆర్థర్ క్లార్క్ రాసిన నవల మాత్రం చెబుతుంది. సినిమా, నవల ఒకేసారి రాసుకున్నారు గనక ఇది అచ్చమైన వెండితెర నవల కాదని పేచీ పెట్టవచ్చు. సినిమా ఏప్రిల్లోనూ, పుస్తకం ఆ తరవాత జులైలోనూ వచ్చాయి గనక నేను లెక్కలోకి తీసుకుంటాను.

నవల్లో ఆ గది సంగతి చూడండి. కథానాయకుడికి ఆకలేస్తుంది. మనిషి కదా మరి! వంటగదిలో ఫ్రిజ్ తెరుస్తాడు. మనకి తెలిసిన డబ్బాలు, పాకెట్లు, అన్నీ వరుసగా వుంటాయి. ఏది విప్పినా లోపల ఒకటే, నీలిరంగు పదార్థం. ఆ గది కట్టిన గ్రహాంతరవాసులు భూమి నించి వచ్చే టీవీ ప్రసారాల్లో చూసి అన్నీ నకలు చేశారు. డబ్బా పైన ఏముంటుందో టీవీలో కనిపించింది, లోపల ఏముంటుందో కనిపించలేదు! రహస్యం చచ్చిపోయిందా ఇక్కడ? నాకైతే ఒళ్ళు జలదరించింది. అతిథి కోసం ఇంత శ్రద్ధగా ఇల్లు అమర్చి, తిండి రుచి తెలియని ఆ అమాయకపు దేవుళ్ళ మీద జాలి కూడా కలిగింది. అలాగే, హాల్ అనే కంప్యూటరు మనుషుల్ని ఎందుకు చంపిందో సినిమా సరిగా చెప్పదు. నవల చెబుతుంది. ప్రయాణం అసలు ఉద్దేశం తోటివాళ్ళ దగ్గర దాచమని దానికి ఆజ్ఞ. నిజం చెప్పటానికి పుట్టిన యంత్రం అబద్ధం మొయ్యలేక పిచ్చెత్తింది. ఇంటి గుట్టు కడుపులో పెట్టుకుని తిరిగిన వాళ్ళెవరికైనా అది అర్థమవుతుంది.

సినిమాలోని మౌనం వద్దనటంలేదు. మౌనం ఒక జవాబు, ఈ నీలిరంగు డబ్బాలు ఇంకొకటి. రెండూ వుంటే నష్టమేమిటి? పుస్తకం చదివినంత మాత్రాన కూబ్రిక్ రీళ్ళు కాలిపోవు.

అయితే ప్రతి వెండితెర నవలనీ నెత్తిన పెట్టుకోమనటంలేదు. స్క్రిప్టు ముందు పెట్టుకుని, డైలాగుకీ డైలాగుకీ మధ్య "అన్నాడు", "అరిచింది" ఇరికించి, పేలుడు వచ్చినచోట మూడు ఆశ్చర్యార్థకాలు వేసి అచ్చుకి పంపే పుస్తకాలు బోలెడు. అవి నిజంగానే బియ్యం కాలేకపోయిన అన్నాలు, మెతుకూ కాదు, గింజా కాదు. తెర మీద కనిపించినదాన్నే మళ్ళీ చెప్పే పుస్తకం దండగ. కనిపించనిది చెప్పేదే పుస్తకం. నా కొలబద్ద ఇంతే.

ఇంకో పద్ధతి వుంది, అది తప్పు కాదు, దౌర్జన్యం. ముందే ఒక మంచి నవల వుండగా, దాన్నించి సినిమా తీసి, ఆ సినిమాని చూసి మరో నవల రాయించాలనుకోవటం! "బ్లేడ్ రన్నర్" విషయంలో జరగబోయిందదే. ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన నవల దానికి మూలం. సినిమాకి తగ్గట్టుగా కొత్త నవల రాసివ్వండి, డబ్బు బాగా ముడుతుంది, పాతది పక్కన పెడదాం అన్నారు. ఆయన ససేమిరా అన్నాడు. డబ్బు వదులుకున్నాడు. చివరికి సినిమా పేరు అట్ట మీద వేసి, లోపల ఆయన పాత నవలనే అచ్చువేయక తప్పలేదు. 1982 మార్చిలో ఆయన పోయాడు, జూన్‌లో సినిమా వచ్చింది. తన బిడ్డ పేరు మార్చనివ్వకుండా పోయాడు, అంతే చాలు.

ఇదిగో, ఇక్కడికి రావాలనే ఇంతసేపూ నడిచాను. అసలు సంగతి పేరు దగ్గర వుంది.

"స్టార్ వార్స్" సినిమా 1977 మేలో విడుదలైంది. నవల అంతకు ఆరు నెలల ముందే, 1976 నవంబరులో వచ్చింది. అట్ట మీద పేరు జార్జ్ లూకాస్. రాసింది అలన్ డీన్ ఫాస్టర్. కథ లూకాస్‌ది గనక తనకేమీ అభ్యంతరం లేదని ఫాస్టర్ పెద్దమనసుతో అన్నాడు. 1979లో ఆయనే "ఏలియన్" నవల రాశాడు. సినిమాకంతటికీ ప్రాణమైన ఆ భూతం ఎలా వుంటుందో ఆ బొమ్మ కూడా ఆయనకి చూపించలేదు! పెళ్ళికూతుర్ని చూపించకుండా పెళ్ళి వర్ణన రాయమన్నట్టు. ఆయన ఆ రూపాన్ని చీకట్లోనే వుంచి భయపెట్టి గట్టెక్కాడు.

ఆ పుస్తకాల హక్కులు చేతులు మారి డిస్నీ కంపెనీకి చేరాయి. 2020 నవంబరులో ఫాస్టర్, తనకి రావలసిన రాయల్టీలు రావటంలేదని బయటికొచ్చి చెప్పాడు. అమెరికా సైన్సు ఫిక్షను రచయితల సంఘం ఆయన వెనక నిలబడింది. హక్కులు కొన్నాం గాని బాధ్యతలు కొనలేదన్నది కంపెనీ ధోరణి అని వాళ్ళు చెప్పారు. ఇల్లు కొన్నాం గాని ఇంటి మీది అప్పు మాది కాదన్నట్టు! నలుగురూ నోళ్ళు విప్పాకే ఆయన వ్యవహారం పరిష్కారమైంది. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. దశాబ్దాల తరబడి ప్రపంచమంతా ఎరిగిన కథలు రాసిన మనిషికి ఈ గతి ఎందుకు పట్టింది? అవి "నిజమైన పుస్తకాలు" కావన్న చిన్నచూపు మొదట పాఠకుల్లో పుట్టింది. కంపెనీలు దాన్ని లాభంగా మార్చుకున్నాయి. సాహిత్యం కాదన్నవాళ్ళు రచయితని మనిషి కాదన్నదాకా వెళతారు.

ఇదేదో దూరదేశపు గొడవ అనుకోకండి. రెండేళ్ళ కిందట సినిమావాళ్ళ తరఫున ఒకాయన మా యింటికొచ్చాడు. కాఫీ తాగి, "మీ శైలి ఆడవాళ్ళకి బాగా నచ్చుతుంది మేడమ్, మా సినిమా కథని సీరియల్లా రాసిపెట్టండి, పేరు మాత్రం డైరెక్టరుగారిది వేస్తాం" అన్నాడు. పేరెందుకు నాది వెయ్యరని అడిగితే, "ఇది సాహిత్యం కాదు కదండీ, మీకే నామోషీ" అన్నాడు, నా మేలు కోరినట్టుగా. రాయటం నామోషీ కాదు, రాసి దాక్కోవటం నామోషీ అని చెప్పి పంపించాను. ఒకప్పుడు మన వారపత్రికల్లో రచయిత్రుల పేర్లకి గిరాకీ వుందని మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆ ఆడవాళ్ళ నవలల్నే "వంటింటి సాహిత్యం" అని వెక్కిరించారు. చదివే ఆడవాళ్ళని చూసి, అన్నం మాడ్చి సీరియల్ చదివే రకం అన్నారు. పేరు అమ్ముకోవటానికి పనికొచ్చింది, గౌరవానికి పనికిరాలేదు. వెండితెర నవల మీద ఇవాళ పడుతున్న రాయి, మన మీద ఎప్పుడో పడిన రాయే. రాయి విసిరే చెయ్యి కూడా అదే. అందుకే ఈ పేచీ నాకు సొంతం.

మన దగ్గర కూడా రాయదగ్గ సినిమాలు లేకపోలేదు. సింగీతం శ్రీనివాసరావుగారి "ఆదిత్య 369" 1991లోనే కాలయంత్రం ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కాలానికి తీసుకుపోయింది. 2024లో "కల్కి 2898 ఏడీ" వచ్చింది. కోట్లు పోసి కట్టిన ఆ లోకాల్లో, తెర మీద ఒక్క క్షణం కనిపించి మాయమైన ఆడవాళ్ళెందరు! వాళ్ళేం వండుకున్నారు, ఎవరికి భయపడ్డారు, రాత్రి నిద్రపట్టక ఏమనుకున్నారు? గ్రాఫిక్సు మనుషుల్ని అడిగితే చెప్పలేరు. నవల రాసేవాళ్ళని అడగాలి. రాసినవాళ్ళకి డబ్బూ, పేరూ రెండూ ఇవ్వాలి.

మీరు చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. ఈసారి సినిమా పేరున్న పుస్తకం చేతికొస్తే, అట్ట మీద హీరో బొమ్మ చూసి పెదవి విరిచెయ్యకండి. లోపలి పేజీ తిప్పి రాసిందెవరో చూడండి. పేరుంటే పది పేజీలు చదివి, బాగుందో లేదో మీరే తేల్చండి. పేరే లేకపోతే మాత్రం, "దీన్ని రాసిన మనిషి ఏరీ?" అని ఆ ప్రచురణకర్తకి ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి.